అసిరమ్మ తిట్లు

అనగా అనగా, ఇప్పటి ముసలమ్మల ముసలమ్మలు ఇంకా ఉయ్యాల్లో ఊగే రోజుల్లో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉప్పుగెడ్డ అని ఒక ఊరుండేది. ఊ కొట్టండి. మీరు ఊ కొట్టకపోతే నేను చెప్పను. అసలే ఈ కథ చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఊళ్లో ఇళ్లన్నీ తాటాకు ఇళ్లు. కప్పు తాటాకు. దడి తాటాకు. పొయ్యిలోకి తాటిమట్టలు, అవి కూడా చూరు కిందే పేర్చి ఉండేవి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక మేక పట్టేంత సందు. ఇక గాలి సంగతి అడగక్కర్లేదు, సముద్రం పక్కన గాలికి కొదవా? ఇలాంటి ఊళ్లో మనుషులు నిప్పు దగ్గర ఎలా ఉండాలి? ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండాలి. ఉన్నారా? ఉంటే ఈ కథెందుకు, హాయిగా పడుకుని నిద్రపోదుం.

దీపావళి వచ్చిందంటే ఆ ఊరికి పూనకం వచ్చేది. అప్పట్లో కొనుక్కునే మందుగుండు లేదు. ఎవరి రవ్వల పొట్లం వాళ్లే చేసుకోవాలి. తాటిపూల కంకులు కాల్చి బొగ్గు చేస్తారు. బొగ్గు దంచి పొడి చేస్తారు. పొడిలో ఉప్పు కలిపి పాత గుడ్డలో గట్టిగా చుడతారు. ఆ పొట్లాన్ని మూడు తాటిమట్ట ముక్కల మధ్య బిగించి, దానికి బారెడు తాడు కట్టి, పొట్లం మూతి మీద నిప్పుకణిక పెట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పుతారు. అప్పుడు చూడాలి. చుట్టూ బంగారు రవ్వలు, మధ్యలో మనిషి. తిప్పేవాడు ఆ కాసేపూ రాజులా కనిపిస్తాడు. తెల్లారితే మళ్లీ మామూలే, వాడూ వాడి చిరుగుల పంచే.

పొట్లం ఎవరైనా చేసుకోవచ్చు. తాడు మాత్రం అందరూ అసిరమ్మ దగ్గరే తీసుకోవాలి.

అసిరమ్మ ఊరి చివర గుడిసెలో ఒంటరిగా ఉండేది. మొగుడు వేటకు సముద్రంలోకి వెళ్లి తిరిగి రాలేదు. పిల్లల్లేరు. గుడిసె పక్కన ఒక గుంట తవ్వుకుని, అందులో కొబ్బరిపీచు నానబెట్టి, బాది, ఆరబెట్టి, తాళ్లు పేనేది. పడవలకు తాళ్లు, పశువులకు తాళ్లు, బావి బొక్కెనకు తాళ్లు, అన్నీ ఆమె చేతివే. ఆమె పేనిన తాడు ఏనుగు లాగినా తెగదని చుట్టుపక్కల పేరు. కానీ సొంత ఊళ్లో ఆమెను ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. ఎదురుగా అప్పా, అంటే అక్కా, అన్నా, వెనక నస అసిరమ్మ అనేవాళ్లు.

ఎందుకంటారా? దీపావళికి తాడు కోసం ఎవరు వచ్చినా మూడు మాటలు అడిగేది.

"నీళ్లెట్టినావా?"

"ఎట్టినానప్పా."

"పంచి ఎగ్గట్టినావా?"

"ఎగ్గట్టినానప్పా."

"ఇళ్లకి దూరంగా బయల్లోకెల్తావా?"

"ఎల్తానప్పా, ఎల్తాను. తాడియ్యి."

ఒక్క గుక్కలో మూడు అబద్ధాలు. ఎదురుగా పంచె కుచ్చెళ్లు నేల ఊడుస్తూ ఉండేవి, అయినా ఎగ్గట్టినానప్పా అనేవాళ్లు! నేనైతే ఆ తాడుతోనే నాలుగు తగిలించేదాన్ని. అసిరమ్మ మాత్రం తిడుతూనే తాడిచ్చేది. ఇచ్చి ఊరుకునేదా? లేదు. తన ఇంట్లో ఉన్న కడవలన్నీ ఊరి పక్కన పారే గెడ్డలో, అంటే వాగులో, నింపి, ఒక్కొక్కటే చంకన పెట్టుకుని, ఊరి బయట బయలుకు మోసుకెళ్లి వరసగా పెట్టేది. పెట్టి, పక్కనే నిలబడి మళ్లీ మొదలెట్టేది.

"పిల్లల్ని ఎనక్కి లాగండర్రా! నువ్వు, ఆ కండువా తియ్యి! గాలి ఎటేపుందో సూసుకోరా ఎర్రి మొకమా!"

అప్పుడు ఊరంతా ఒకే మాట అనేది.

"పండగ పూట ఏటే ఈ గోల, అసిరప్పా?"

సరే, వినలేదు. వినకపోతే ఏమైందో కూడా చెబుతాను.

ఒక ఏడు ఎర్రినాయుడు కొత్త కండువా భుజాన వేసుకుని పొట్లం తిప్పాడు. కండువా అంచుకు రవ్వ అంటుకుంది. అసిరమ్మ కడవెత్తి నెత్తిన గుమ్మరించింది. బతికిపోయాడు కదా, దణ్ణం పెట్టాలా వద్దా? "కొత్త బట్టలు తడిపేసినావు" అని ఆమె మీద లేచాడు.

ఇంకో ఏడు తవిటయ్య పొట్లం వెలగలేదు. వెలగకపోతే నీళ్లలో ముంచి పారేసి ఇంకోటి తీసుకోవాలి. తవిటయ్య దాని మూతిలోకి మొహం పెట్టి ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. అది భగ్గుమంది. కనుబొమలు పోయాయి. మంగలి పొరపాటున గీసేశాడని నెల్లాళ్లు ఊరంతా చెప్పుకు తిరిగాడు. పాపం ఆ మంగలి ఏం చేశాడు?

ఇంకో ఏడు గురువులు అని ఒకడు, బయలు దాకా నడవడానికి బద్ధకించి, గడ్డిమేటు పక్కనే తిప్పాడు. మేటు సగం కాలిపోయింది. ఎండాకాలమంతా వాళ్ల ఎద్దులు డొక్కలు ఎండి నిలబడ్డాయి.

మూడుసార్లూ అసిరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఒకే మాట అడిగింది.

"నాను సెప్పిందేటి? మీరు సేసిందేటి?"

మూడుసార్లూ ఊరు ఒకే జవాబు చెప్పింది.

"ఏదో ఓపాలి జరిగినాదిలే. నోరు మంచిదైతే ఊరు మంచిదౌతాదప్పా, నువ్వు నోరు మంచిగా ఎట్టుకో."

చూశారా? కాల్చుకున్నవాడి చెయ్యి మంచిదే, చెప్పినదాని నోరే చెడ్డది. దున్నపోతు మీద వాన కురిస్తే దానికి ఒళ్లన్నా తడుస్తుంది. వీళ్లకి అదీ లేదు.

ఇంకొకటుంది. నాకు అన్నిటికన్నా చిరాకు పుట్టించేది ఇదే. నిప్పుతో ఆడుకున్నాక కాళ్లు కడుక్కుని ఇంట్లో అడుగుపెట్టాలని ఆ ఊరి ఆచారం. మంచి ఆచారమే. కడుక్కోండి. గెడ్డ నాలుగడుగుల్లో ఉంది, అక్కడ కడుక్కోండి. కానీ ఎదురుగా నిండు కడవలు కనిపిస్తుంటే గెడ్డ దాకా ఎవరు నడుస్తారు? ముందు ఆడిన పిల్లలు ఒక కడవ వొంపేసేవాళ్లు. తరువాత వాళ్ల నాన్నలు ఇంకోటి. ఆఖర్న తిప్పేవాళ్ల వంతు వచ్చేసరికి కడవలన్నీ ఖాళీ. అసిరమ్మ మళ్లీ గెడ్డకు పరిగెత్తేది, మళ్లీ నింపేది, మళ్లీ తిట్టేది. మళ్లీ వాళ్లు కాళ్లు కడుక్కునేవాళ్లు.

ఊ కొట్టండి. నిద్రపోతున్నారా? అసలు కథ ఇప్పుడే మొదలవుతుంది.

ఆ ఊళ్లో గవిరయ్య అని ఒక కుర్రవాడు ఉండేవాడు. మంచివాడు. పెళ్లాం పేరు సీతాలు. ఆ ఏడు దీపావళి దగ్గర పడిందనగా సీతాలు ఆడపిల్లను కంది. పురుడు వెళ్లేదాకా బాలింత గడప దాటకూడదు కదా. వాకిట్లో ఒక మూలకి చిన్న పురిటిపాక వేసి తల్లినీ బిడ్డనూ అందులో ఉంచారు. వంగితే గాని దూరలేని పాక. కప్పు తాటాకు, తలుపు తాటాకు, లోపల పరుపు కూడా గడ్డే.

సీతాలుకు రవ్వలంటే ప్రాణం. చిన్నప్పుడు వాళ్ల నాన్న తిప్పుతుంటే గంటలకొద్దీ చూసేదట. పండగ పొద్దున్న పాకలోంచి ఒక చిన్న మాట అంది.

"ఈ ఏడు రవ్వలు సూసే రాత నాకు నేదు మావా."

అంతే అంది. అడగలేదు, ఏడవలేదు. గవిరయ్య మనసు కరిగిపోయింది. ఇది బయలుకు రాలేకపోతే నేనే రవ్వల్ని వాకిట్లోకి తెస్తాను అనుకున్నాడు. ప్రేమ ఉన్నవాడికి పక్కనున్న చూరు కనపడదు. వెంటనే అసిరమ్మ గుడిసెకు వెళ్లాడు.

"అసిరప్పా, తాడియ్యి."

"నీళ్లెట్టినావా?"

"సెంబుడు ఎట్టినాను."

"పంచి ఎగ్గట్టినావా?"

"ఎగ్గడతాను."

"బయల్లోకెల్తావా?"

గవిరయ్య నేల చూపులు చూశాడు. వాడికి అబద్ధం చెప్పడం రాదు.

"నేదప్పా. మా వాకిట్లోనే తిప్పుతాను. సీతాలు పాకలోంచి సూడాల."

అసిరమ్మ పేనుతున్న తాడు కింద పెట్టి లేచింది.

"పురిటిపాక పక్కనా? నీకు మతి గాని పోనాదేటిరా? లోపల పసిగుడ్డుంది!"

"రెండు తిప్పులప్పా. రెండే."

"నిప్పుకి రెండని నెక్క తెలుస్తాదా? నానియ్యను, పో!"

"అందరికీ ఇచ్చినావు కదప్పా?"

"అందరూ బయల్లోకెల్తామన్నారు. నువ్వెల్లనన్నావు. ఇయ్యను!"

వినండి, వినండి. అబద్ధం చెప్పినవాళ్లందరికీ తాడు దొరికింది. నిజం చెప్పినవాడు ఉత్త చేతులతో పోయాడు. అసిరమ్మ కూడా మనిషే. ఆ రోజు ఆమె ఒక్క నిమిషం ఆగి, వాడి వెంట వాడి వాకిట్లోకి వెళ్లి ఉంటే బాగుండేది. వెళ్లలేదు. కోపంతో గుంట గట్టున కూర్చుని, పీచును, దాని మీద కప్పే గోనెపట్టాలతో సహా, నీళ్లలోకి తొక్కింది. వాడి చేతికి తాడు లేదు కాబట్టి వాడు తిప్పడని అనుకుంది.

తాడు లేకపోతే మగవాడు ఊరుకుంటాడా? గవిరయ్య దూడను కట్టే పాత పలుపు విప్పాడు. ఎండకు ఎండి, వానకు నాని, మధ్యలో దూడ నమిలి పారేసిన పలుపు. దాన్ని పొట్లానికి కట్టాడు.

పొద్దు గూకింది. ఊరంతా బయలుకు వెళ్లింది. వాకిట్లో గవిరయ్య ఒక్కడే. పాక తలుపు కాస్త పక్కకు జరిపి సీతాలు బయటికి చూసింది.

"వద్దు మావా. అసిరప్ప తిడతాది."

"అసిరప్ప గాలినీ తిడతాది, ఎండనీ తిడతాది. నువ్వు సూడు."

నిప్పుకణిక పెట్టాడు. మొదటిసారి తిప్పాడు. రవ్వలు లేచాయి, వాకిలంతా వెలిగింది. రెండోసారి తిప్పాడు. సీతాలు బిడ్డను గుండెకు ఆనించుకుని కిలకిలా నవ్వింది. ఆ నవ్వు విని వాడు ఆగలేకపోయాడు. రెండే అన్నవాడు మూడోసారి తిప్పాడు.

పలుపు తెగింది.

పొట్లం ఎగిరి వెళ్లి పురిటిపాక నెత్తిన పడింది. గవిరయ్య చెంబుడు నీళ్లు విసిరాడు. అవి తులసికోటకు కూడా సరిపోవు. గాలి ఒక్కసారి వీచింది, కప్పు అంటుకుంది.

వాడు వేసిన కేక బయలు దాకా వినిపించింది. అక్కడున్న జనమంతా ఒక్కసారిగా, అసిరమ్మ పగలే మోసిపెట్టి వెళ్లిన కడవల మీద పడ్డారు. ఎర్రినాయుడు ఒకటి ఎత్తాడు, ఖాళీ. తవిటయ్య ఒకటి ఎత్తాడు, ఖాళీ. గురువులు ఒకటి ఎత్తాడు, అందులో అడుగున పిడికెడు ఇసకుంది. అప్పటికే అందరూ కాళ్లు కడిగేసుకున్నారు! కోపం కొద్దీ ఆ ఏడు అసిరమ్మ అక్కడ నిలబడలేదు, మళ్లీ నింపేవాళ్లు లేరు. ఊరంతా ఖాళీ కడవలు పట్టుకుని నిలబడింది, కాళ్లు మాత్రం అద్దాల్లా ఉన్నాయి. ఆ కడవలు పట్టుకుని గెడ్డకు పరిగెత్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే కదా.

అసిరమ్మ ఆ కేక విన్నది. ఆ ఒక్కసారి ఆమె ఎవరినీ తిట్టలేదు. గుంటలో నానుతున్న గోనెపట్టా ఒకటి లాగి, నీళ్లు కారుతూ ఉండగానే నెత్తి మీంచి కప్పుకుని పరిగెత్తింది. ఆమె గుడిసె చివరిది, గవిరయ్య ఇల్లు దాని పక్కది. అందుకే ఊరికన్నా ముందు చేరింది.

గవిరయ్య పాకలోకి దూరబోతున్నాడు. వాడి పంచె అంచు అప్పటికే అంటుకుంది, వాడికి ఆ స్పృహే లేదు. అసిరమ్మ వాణ్ని మెడ పట్టుకుని నేల మీదికి తోసింది.

"దొర్లు! మట్టిలో దొర్లు!"

వాడు దొర్లాడు. పంచె ఆరింది. ఈలోగా ఆమె నేల మీద పాకుతూ లోపలికి పోయింది. పైనంతా పొగ. కింద మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది.

"సీతాలూ! లేవకు! పాకు, కిందకంటా పాకు!"

ముందు బిడ్డ వచ్చింది, తడి గోనె మూలలో చుట్టుకుని. గవిరయ్య అందుకున్నాడు. తరువాత సీతాలు వచ్చింది, దగ్గుతూ, మోచేతుల మీద. ఆమెను వెనకనుంచి తోస్తూ అసిరమ్మ. సీతాలు కాళ్లు బయటపడ్డాయో లేదో, కప్పు కూలింది. అసిరమ్మ ఒళ్లు బయటపడింది గాని కుడిచెయ్యి దాని కింద చిక్కుకుంది, గవిరయ్య లాగేసరికే కాలిపోయింది.

అప్పుడు వచ్చారు కడవలు పట్టుకుని. పాక ఎలాగూ పోయింది. పక్క ఇళ్ల మీద నీళ్లు కొట్టి ఊరిని మాత్రం నిలబెట్టుకున్నారు.

ఇక చూడాలి వైద్యులు. కాలిన చెయ్యి చూసి ఒకావిడ నూనె తెచ్చింది. ఒకాయన సున్నం తెచ్చాడు. ఇంకొకడు పేడ తెచ్చాడు, నిజంగా పేడే! అసిరమ్మ పళ్లు బిగించి అంది.

"అయ్యన్నీ అవతల పారెయ్యండర్రా. సల్లటి నీళ్లు పొయ్యండి. పోస్తానే ఉండండి."

పోశారు. గెడ్డ నీళ్లు ఉప్పన కాబట్టి, మంచి నీళ్ల బావి దాకా వరసగా నిలబడి, కడవ తరువాత కడవ చేతులు మార్చుకుంటూ పోశారు. పోస్తూ అందరూ ఒకే మాట కోసం ఎదురుచూశారు. ఇప్పుడంటుంది, నాను సెప్పిందేటి, మీరు సేసిందేటి. ఇప్పుడంటుంది. తలలు వంచుకుని సిద్ధంగా ఉన్నారు.

ఆమె అనలేదు. చేతి మీద నీళ్లు పోయించుకుంటూ వేరే మాట అంది.

"తాడు నాను ఇచ్చేసుంటే తెగకపోను. నా తాడు తెగదు."

తప్పు తన మీదే వేసుకుంది. అది విని ఊరు తట్టుకోలేకపోయింది. గవిరయ్య ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు.

"తిట్టప్పా! నీ కాలట్టుకుంటాను, నన్ను తిట్టు!"

"రేపు తిడతానురా నాయినా. ఇయ్యాల ఓపిక నేదు."

మాట తప్పే మనిషి కాదు. మర్నాడు తెల్లారేసరికి చేతికి గుడ్డ చుట్టుకుని బయల్దేరింది. ఇల్లిల్లూ తిరిగింది. ఎర్రినాయుణ్ని కండువాకు తిట్టింది. తవిటయ్యను కనుబొమలకు తిట్టింది. గురువుల్ని ఎద్దులకు తిట్టింది. కాళ్లు కడుక్కున్నవాళ్లందరినీ వాకిట్లో నిలబెట్టి పేరుపేరునా తిట్టింది. ఆ రోజు అందరూ నిలబడి విన్నారు.

ఆ మరుసటి ఏడు పండక్కి ప్రతి ఇంటివాడూ కడవ తెచ్చాడు. ఆ పై ఏడు సగం మంది తెచ్చారు. ఆ పై ఏడు మళ్లీ అసిరమ్మ ఒక్కతే, ఎడమచేత్తో మోసుకొచ్చింది. ఏం చెయ్యమంటారు? మనుషులు పాత బాకీ గుర్తుపెట్టుకుంటారు, పాత పగ గుర్తుపెట్టుకుంటారు, కాలిన గాయం మాత్రం మూడో ఏటికి మరిచిపోతారు.

కుడిచెయ్యి సరిగా ముడుచుకోక అసిరమ్మ తాళ్లు పేనడం తగ్గిపోయింది. ఆ రోజు మంటలోంచి ఆమె బయటికి తెచ్చిన గవిరయ్య బిడ్డ, పేరు నీలాలు, పెద్దదై ఆమెకు పీచు బాదిపెట్టేది, అన్నం తెచ్చిపెట్టేది. మామ్మా మామ్మా అని వెంట తిరిగేది. ఆమెతో పాటు కడవలు మోసేది. నీలాలు మెతక పిల్ల. గట్టిగా ఒక మాట అని ఎరగదు. అసిరమ్మ అరుస్తుంటే పక్కన నిలబడి సిగ్గుపడేది.

నీలాలుకు పెళ్లీడు వచ్చేసరికి అసిరమ్మ మంచాన పడింది. ఒక ఎండాకాలం పగటిపూట, ఎవరినో పొయ్యి ఆర్పమని కేకేస్తూ కేకేస్తూ ప్రాణం వదిలింది.

ఊరంతా ఏడ్చింది. బతికున్నప్పుడు నస అన్నవాళ్లే మహాతల్లి అన్నారు. చచ్చినవాళ్ల కళ్లు చారెడు అని ఊరికే అన్నారా? తలకొరివి పెట్టడానికి కొడుకు లేడు కాబట్టి గవిరయ్య ముందుకొచ్చాడు. ఆడవాళ్లు ఆచారం ప్రకారం ఊరి పొలిమేరలో ఆగిపోయారు. మగవాళ్లు పాడె మోసుకుని వల్లకాటికి వెళ్లారు.

వల్లకాడు తాటితోపు పక్కన. మోకాలెత్తు గడ్డి, ఎండి కరకరలాడుతోంది. పడమటి గాలి ఈడ్చి కొడుతోంది, సూటిగా ఊరి వైపు. చితి పేర్చారు. గవిరయ్య కుండ భుజాన పెట్టుకుని, చిల్లుల్లోంచి నీళ్లు కారుతుంటే మూడుసార్లు చుట్టూ తిరిగి, కుండ వెనక్కి పడేసి పగలగొట్టాడు. కళ్లు తుడుచుకుని కొరివి అందుకున్నాడు. పంచె జారిపోయి కాళ్లకు అడ్డం పడుతోంది. పక్కన నీళ్లు లేవు. గడ్డి కొయ్యలేదు.

అసిరమ్మ చితి దగ్గర! ఆ ఊళ్లో ఇంకెక్కడ మరిచినా సరే అనుకోవచ్చు. అసిరమ్మ చితి దగ్గర మరిచిపోయారు!

కొరివి చితికి ఆనించబోతుండగా వెనకనుంచి ఎవరో పరిగెత్తుకొచ్చారు. నీలాలు. చంకన నిండు కడవ. పొలిమేర దాటకూడదన్న ఆడవాళ్లను తోసుకుని వచ్చింది. వచ్చి తండ్రికీ చితికీ మధ్య నిలబడింది.

"అయ్యా! నీళ్లేయి?"

గవిరయ్యకు అర్థం కాలేదు.

"కుండ తిప్పినాను కదమ్మా. పగలగొట్టినాను."

"ఆ నీళ్లు సచ్చినోళ్లకి. బతికినోళ్లకి నీళ్లేయయ్యా?"

వెనకనుంచి ముసలి ఎర్రినాయుడు గొణిగాడు.

"సావు పూట ఏటే ఈ గోల?"

అప్పుడు ఆ మెతక పిల్ల నోరు తెరిచింది. ఎక్కడ దాచుకుందో అన్నేళ్లూ, గలగలా వచ్చేశాయి తిట్లు.

"గాలి ఎటేపుందో సూసినారా? ఆ గడ్డి ఎవులు కోస్తారు, మా మామ్మ లేచొచ్చి కొయ్యాలా? అయ్యా, పంచి ఎగ్గట్టు! మామ్మ ఒంటిచేత్తో ఇన్నేళ్లు మీకు నీళ్లు మోసినాది. సచ్చినాక కూడా మీకు దానితోనే పనా? మీ ఊరిని అది కాపాడితే, దాని మంటతోటే ఊరిని తగలెడతారా? నా మామ్మకి ఆ పాపం అంటగడతారా?"

ఆ పిల్ల ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. మగవాళ్లందరూ నోళ్లు వెళ్లబెట్టి విన్నారు. మొహం నీలాలుది, గొంతు అచ్చం అసిరమ్మది. తవిటయ్యకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఊరుకోండర్రా! అసిరప్పే పెడతన్నాది తిట్లు. నడండి, నీళ్లు తెండి."

కొందరు గెడ్డకు పరిగెత్తారు. కొందరు గడ్డి కోసి చుట్టూ నేల చదును చేశారు. గవిరయ్య పంచె ఎగ్గట్టాడు. అప్పుడు, అన్నీ అయ్యాక, నీలాలు పక్కకు జరిగింది. కొరివి పెట్టారు.

చితి బాగా మండుతుండగా ఒక కట్టె జారి దొర్లింది. కోసిన మేర దాటి, కొయ్యని గడ్డి దాకా వెళ్లింది. గడ్డి అంటుకోబోయింది. నీలాలు నాలుగడుగులు వేసి కడవ వొంపింది. చుయ్‌మని ఆరిపోయింది.

అంతే. ఇంకేమీ జరగలేదు. ఊరు కాలలేదు, ఎవరూ చావలేదు. ఆ సాయంత్రం ఉప్పుగెడ్డలో అన్ని పొయ్యిల మీదా అన్నం ఉడికింది, అందరూ తిన్నారు.

అప్పటినుంచి ఆ ఊళ్లో ఒక కట్టు ఏర్పడింది. దీపావళి పొట్లాలైనా, భోగిమంటైనా, పెళ్లి గాడిపొయ్యైనా, ఆఖరికి చితైనా, ఒక ఆడమనిషి నిండు కడవ తెచ్చి పక్కన పెట్టేదాకా ఎవరూ నిప్పు ముట్టించరు. పెట్టగానే ఆమె తిట్టాలి. పండు ముసలిదైనా సరే, పాలపళ్లు ఊడని పిల్లైనా సరే. ముట్టించేవాడు ఊరి పెద్దైనా పంచె ఎగ్గట్టుకుని, తల వంచుకుని నిలబడి వినాలి. కొత్త కోడళ్లు మామగార్లను తిట్టడానికి ఏడాదంతా ఆ రోజు కోసం కాచుకుని ఉంటారట, అది వేరే సంగతి. ఆ నీళ్లతో కాళ్లు కడగకూడదు. మంట ఆరాక బూడిద మీద పోసి, చెయ్యి పెట్టి చూసి, చల్లబడిందంటేనే ఇళ్లకు వెళ్లాలి. ఆ తిట్లను అసిరమ్మ దీవెన అంటారు వాళ్లు.

ఇంత జరిగినా ప్రతి ఏడూ ఒకడు తయారవుతాడు. ఎవడో ఒకడు, ఎప్పుడూ ఉంటాడు. "పండగ పూట ఏటే ఈ గోల?" అంటాడు. వాణ్ని ఎవరూ కొట్టరు, తిట్టను కూడా తిట్టరు. ఖాళీ కడవ ఒకటి చేతికిచ్చి గెడ్డకు పంపుతారు. వాడు వెళ్లి, నింపుకుని, మోసుకుని తిరిగి వచ్చేదాకా ఊరంతా, పిల్లా పెద్దా, పొట్లాలు ఒళ్లో పెట్టుకుని చీకట్లో కూర్చుని ఉంటారు.